చుట్టాలబ్బాయి ఇచ్చిన పుస్తకాలు

మా అమ్మాయి డిగ్రీ అయిపోయింది. ఫిల్మ్‌నగర్‌లో డిగ్రీ అయిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఏ మాటలు నడుస్తాయో మీకు తెలియంది కాదు. అయితే అమెరికా పరీక్షలు, కాకపోతే సంబంధాలు. మా వీధిలో మూడోది కూడా ఉంది, ఎవరైనా డైరెక్టరుగారికి ఫొటోలు పంపించడం. మాది సినిమా సంపాదనే. మావారిది ఎడిటింగ్. నేను చిన్నప్పుడు మద్రాసులో పిల్లల గొంతులతో మొదలుపెట్టి, పరిశ్రమతో పాటే ఇటు వచ్చి, ఇప్పటికీ డబ్బింగ్ చెబుతూనే ఉన్నాను.

ఇలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల, ఒక రోజు పొద్దున్న టిఫిన్ దగ్గర కూర్చుని, మత తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేస్తానంది. సరే అనుకున్నాం. ఆ తర్వాత బి.డి. చేస్తానంది. అంటే క్రైస్తవ థియాలజీ. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిల్‌ని మూలంలో చదవాలట. మావారి చేతిలో ఇడ్లీ అలాగే ఉండిపోయింది. శనివారం తప్పకుండా దైవసన్నిధానానికి వెళ్లే ఇల్లు మాది. మా అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న, పిల్ల మతం మారుతోందా అని. నేను అంతకంటే పెద్ద గొంతుతో అడిగాను. గొంతు నా వృత్తి కదా, బాగానే లేచింది.

దాని జవాబు చాలా చిన్నది. ప్రతి సెప్టెంబరు 5న బళ్లో ఎవరి ఫొటోకి దండ వేయించారో ఆయన ఎక్కడ చదువుకున్నాడో ఒకసారి చూడమంది. అంతే, లేచి వెళ్లిపోయింది.

పంతం కొద్దీ చూశాను. రెండు నెలలు పట్టింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారంటే తలపాగా, కళ్లద్దాలు, ఉపాధ్యాయ దినోత్సవం, రాష్ట్రపతి. నాకు తెలిసింది అంతవరకే. మీలో చాలామందికీ అంతే అయి ఉంటుంది.

ఆయన పుట్టింది 1888 సెప్టెంబరు 5న, తిరుత్తణిలో. మద్రాసు నుంచి తిరుపతి వెళ్లే దారిలో కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి గుడి కనిపిస్తుంది, ఆ ఊరే. ఇప్పుడు తమిళనాడులో ఉంది గానీ 1960 దాకా మన చిత్తూరు జిల్లాదే. ఇంటిపేరు నెల్లూరు జిల్లా సర్వేపల్లి ఊరిది. తండ్రి వీరాస్వామిగారు ఒక జమీందారు దగ్గర చిన్న రెవెన్యూ ఉద్యోగి. తల్లి సీతమ్మగారు. తెలుగు బ్రాహ్మణ కుటుంబం, పూజలూ పునస్కారాలూ ఎక్కువ, డబ్బు తక్కువ.

అలాంటి ఇంటి పిల్లవాణ్ని చదువు ఎక్కడికి పంపిందో చూడండి. ముందు తిరుపతిలో జర్మన్ లూథరన్ మిషన్ వాళ్ల బడి. తర్వాత వేలూరులో అమెరికన్ మిషన్ వాళ్ల వూర్హీస్ కాలేజీ. ఆ తర్వాత మద్రాసులో స్కాట్లాండ్ మిషనరీలు నడిపే క్రిస్టియన్ కాలేజీ. వెంకన్న పాదాల దగ్గర బడి, అందులో జర్మన్ పాస్టర్ల పాఠం! పన్నెండేళ్ల పాటు, వరసగా మూడు దేశాల మిషనరీల దగ్గర చదివాడన్నమాట. స్కాలర్‌షిప్పులు వచ్చేవి కాబట్టి చదువు సాగింది.

ఇక తత్వశాస్త్రం ఎందుకు తీసుకున్నారంటారా? ఏ గొప్ప కోరికా లేదు. చుట్టాలబ్బాయి ఒకాయన అదే కాలేజీలో చదువు పూర్తిచేసి, తన తత్వశాస్త్రం పుస్తకాలు ఈయనకు ఇచ్చేశాడు. కొత్త పుస్తకాలు కొనే స్తోమత లేదు. ఉచితంగా వచ్చినవి ఏ సబ్జెక్టువైతే అదే చదువు. మన ఇళ్లల్లో అక్క గౌను చెల్లికి వచ్చినట్టు, అన్న పుస్తకాలు తమ్ముడికి వచ్చాయి. ఆ పుస్తకాలు లెక్కల పుస్తకాలై ఉంటే ఏమయ్యేదో! ఈ సంగతి చదివినప్పుడు, మా అమ్మాయి గదిలో ఉన్న పాత పుస్తకాలు ఎవరిచ్చారో ఏనాడూ అడగలేదని గుర్తొచ్చింది.

అప్పట్లో క్రిస్టియన్ కాలేజీ ఇప్పుడున్న తాంబరంలో లేదు, 1937లో అక్కడికి మారింది. ఆయన చదివే రోజుల్లో జార్జిటౌన్‌లో, హైకోర్టుకు ఎదురుగా ఉండేది. హిందూ పిల్లలైనా సరే, బైబిలు పాఠానికి కూర్చోవలసిందే. పాఠంతో పోతే బాధ లేదు. ఆ కాలపు మిషనరీలలో చాలామంది హిందూమతాన్ని ఎక్కడ పట్టుకుని నిలదీయాలో బాగా తెలిసినవాళ్లు. జగత్తు మిథ్య అంటారు కదా, లోకమే అబద్ధమైతే మంచి చెయ్యడమెందుకు, చెడు మానడమెందుకు, పక్కవాడి ఆకలి మీకెందుకు పడుతుంది, ఇదీ వాళ్ల ప్రశ్న. వేదాంతంలో నీతికి చోటే లేదన్నది అభియోగం.

పదిహేడు, పద్దెనిమిదేళ్ల కుర్రవాడు. ఇంట్లో అమ్మ దీపం పెడుతుంది, కాలేజీలో మాస్టారు ఆ దీపం వెనక ఏముందని అడుగుతారు. ఆయన తర్వాతి రోజుల్లో రాసుకున్నదాన్ని బట్టి చూస్తే, ఆ మాటలు గట్టిగానే తగిలాయి. నమ్మకాలు కదిలాయి. వివేకానందుడి రచనలు కొంత ఊరట ఇచ్చాయి. ఆ వయసులో అలా దెబ్బతిన్న పిల్లలు కొందరు కోపంతో పుస్తకం మూసేస్తారు, కొందరు మాస్టారి వైపు వెళ్లిపోతారు. ఈయన లైబ్రరీకి వెళ్లారు. తన మతంలో ఏది బతికుంది, ఏది చచ్చిపోయింది, తనే చూసుకుందామని.

ఎం.ఏ.కి ఒక పరిశోధన వ్యాసం రాయాలి. ఆయన ఎంచుకున్న విషయం వేదాంతంలోని నీతి, దానికి ఆధారమైన తత్వం. అంటే మాస్టార్లు తరగతిలో వేసిన ప్రశ్నకే, ఆ మాస్టార్లు దిద్దే కాగితం మీద జవాబు! ఇరవయ్యేళ్లు. స్కాలర్‌షిప్పు మీద బతికే పిల్లవాడు. వాళ్లకు కోపం వస్తే మార్కులూ పోతాయి, ఉద్యోగానికి కావలసిన సర్టిఫికెట్టూ పోతుంది. ఆయనకు ఆ భయం ఉండేది కూడా.

ఆ మాస్టారి పేరు ఆల్ఫ్రెడ్ జార్జ్ హాగ్. ఈయన గురించి చదువుతుంటే నాకు అసలు కథానాయకుడు ఎవరా అనిపించింది. ఎడిన్‌బరోలో పాస్టరు కావడానికి థియాలజీ చదువుతూ మధ్యలో విశ్వాసమే సడలిపోయి ఆ చదువు మానేసిన మనిషి. తర్వాత మళ్లీ నిలదొక్కుకుని, 1903లో మద్రాసు వచ్చి తత్వశాస్త్రం చెప్పారు. తను ఒకసారి చీకట్లో నడిచినవాడు కాబట్టి కాబోలు, ఎదుటివాడి వెలుతురును ఊదెయ్యాలని చూడలేదు. కర్మ సిద్ధాంతాన్ని క్రైస్తవుల పాప విముక్తితో పోల్చి ఆయన రాసిన పుస్తకం 1909లో వచ్చింది. అందులో హిందువులతో వాదం ఉంది గానీ వెటకారం లేదు.

కుర్రవాడి వ్యాసం చదివి హాగ్‌గారు కోప్పడలేదు. మెచ్చుకుంటూ యోగ్యతాపత్రం రాసిచ్చారు. 1908లో ఆ వ్యాసం పుస్తకంగా అచ్చయింది. ఆ కాగితాన్ని రాధాకృష్ణన్ గారు జీవితాంతం అపురూపంగా తలచుకున్నారు. ఉపాధ్యాయ దినోత్సవం నాడు దండ రెండు ఫొటోలకు వెయ్యాలేమో మరి.

ఇక్కడ ఒక మాట. నేను ఇదంతా చెబుతుంటే మా అత్తగారు బి.డి. అంటే ఏమిటని మళ్లీ అడిగారు. క్రైస్తవులు తెలుగులో థియాలజీని వేదాంతమనే అంటారని మా అమ్మాయి చెప్పింది. ఓస్, వేదాంతమేనా అని ఆవిడ కుదుటపడ్డారు. శంకరులదీ అదే మాట, పాస్టరుగారిదీ అదే మాట. నవ్వొచ్చింది గానీ, రాధాకృష్ణన్ గారి చదువంతా ఆ ఒక్క మాటకున్న రెండు అర్థాల మధ్యే నడిచిందనిపిస్తుంది.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం. చిన్న జీతం, పెద్ద సంసారం. పెళ్లి కాలేజీ చదువుల వయసులోనే అయిపోయింది. భార్య శివకాముగారు బంధువుల పిల్లే, పెళ్లినాటికి పదేళ్ల పసిది. అయిదుగురు ఆడపిల్లలు, తర్వాత 1923లో కొడుకు. ఆ కొడుకే చరిత్రకారుడు గోపాల్‌గారు. ఆయన 1989లో తండ్రి జీవితకథ రాశారు. భర్తగా తండ్రి తన తల్లికి కలిగించిన కష్టాన్ని ఆయన దాచలేదు. మద్రాసు, రాజమండ్రి, మైసూరు, కలకత్తా, వాల్తేరు, బదిలీ అయిన చోటల్లా పిల్లలతో సామాను సర్దుకుంటూ వెళ్లిన ఆవిడ ఏం చదువుకోవాలనుకున్నారో ఎవరైనా అడిగారా? ఆయన పుస్తకాల గురించి అల్మరాల నిండా రాశారు. శివకాముగారి గురించి రాసినదంతా చేరిస్తే ఒక గుప్పెడు కాగితాలవుతాయి. 1956 నవంబరులో ఆవిడ పోయారు. రాష్ట్రపతి భవన్‌కు ఆయన వెళ్లేనాటికి ఆవిడ లేరు.

1918లో మైసూరు వెళ్లారు. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం పిలిచింది. వెళ్లే రోజున మైసూరు విద్యార్థులు గుర్రాలు విప్పేసి, పూలు కట్టిన బండిని తామే స్టేషను దాకా లాక్కెళ్లారన్నది అందరికీ తెలిసిందే. కలకత్తా పిలిపించినది అశుతోష్ ముఖర్జీగారు. ఆయన కూతురు కమల చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుంటే, లోకం ఏమన్నా లెక్కచెయ్యకుండా మళ్లీ పెళ్లి చేసిన తండ్రి. ఆ అమ్మాయి చనిపోయాక ఆమె పేరు మీద ఉపన్యాసాలు పెట్టించారు. 1942లో ఆ కమలా ఉపన్యాసాలు ఇచ్చినది రాధాకృష్ణన్ గారే. 1947లో పుస్తకంగా వచ్చినప్పుడు అందులో ఒక అధ్యాయం పూర్తిగా హిందూ సమాజంలో స్త్రీల గురించే ఉంది. ఇల్లాలికి ఇవ్వలేనిది ఉపన్యాసంలో ఇచ్చారని మా అమ్మాయి ఎత్తిపొడిచింది. నేనేం మాట్లాడలేదు.

భారతీయ తత్వశాస్త్రం మీద రెండు పెద్ద సంపుటాలు 1923లో, 1927లో వచ్చాయి. మధ్యలో 1926లో ఆక్స్‌ఫర్డ్‌లోని మాంచెస్టర్ కాలేజీ ఉపన్యాసాలకు పిలిచింది. అది క్రైస్తవుల్లోనే కొంచెం స్వతంత్రంగా ఆలోచించే యూనిటేరియన్ల కాలేజీ, ప్రార్థనా మందిరాల్లో బోధించేవాళ్లు తయారయ్యే చోటు. బైబిలు పాఠానికి బలవంతాన కూర్చున్న తిరుత్తణి పిల్లవాడు, కాబోయే పాస్టర్లకు హిందువు జీవితాన్ని ఎలా చూస్తాడో చెప్పడానికి నిలబడ్డాడు. 1929లో మళ్లీ వెళ్లి మతాల తులనాత్మక అధ్యయనం బోధించారు. ఆ కాలేజీ చాపెల్‌లో వేదిక ఎక్కి ప్రసంగాలూ చేశారు. మతం మారలేదు. తలపాగా కూడా మార్చలేదు.

1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్. 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో స్పాల్డింగ్ అనే దాత తూర్పు దేశాల మతాల కోసం ఒక పీఠం పెడితే, దానికి మొదటి ఆచార్యుడు ఈయనే. 1952 వరకు ఆ పదవి ఆయనదే.

అసలు విశేషం ఆ మధ్యలో ఉంది. ఆల్బర్ట్ ష్వైట్జర్ పేరు వినే ఉంటారు, ఆఫ్రికాలో ఆసుపత్రి పెట్టిన డాక్టరు. ఆయన డాక్టరు కావడానికి ముందు గొప్ప బైబిలు పండితుడు. యేసు జీవితం మీద అంతవరకు పండితులు రాసినవన్నీ జల్లెడ పట్టి, ఎవరికి వారు తమకు నచ్చిన యేసును గీసుకున్నారని 1906లో ఒక పుస్తకంలో తేల్చేసిన మనిషి. సొంత మతం పండితులనే వదలనివాడు మనల్ని వదులుతాడా? 1930లలో భారతీయ ఆలోచన మీద పుస్తకం రాస్తూ, ఇది లోకాన్నీ జీవితాన్నీ కాదనే తత్వమనీ, ఇందులో నీతికి పునాది గట్టిది కాదనీ అన్నారు. జార్జిటౌన్ తరగతి గదిలో విన్న ప్రశ్నే! ముప్పయ్యేళ్ల తర్వాత, ఈసారి ప్రపంచమంతా గౌరవించే మనిషి నోట. రాధాకృష్ణన్ గారు 1939లో తూర్పు మతాలు, పడమటి ఆలోచన మీద రాసిన గ్రంథంలో ఒక పెద్ద అధ్యాయం ఇందుకే కేటాయించి, వరసగా ఒక్కొక్క వాదనా తీసుకుని జవాబు చెప్పారు. ఎక్కడా గొంతు పెంచలేదు. లోకాన్ని వదులుకొమ్మనే మాటలు క్రైస్తవ సాధువుల దగ్గరా ఉన్నాయి కదా అని వాళ్ల గ్రంథాలే తీసి చూపించారు. ఎదుటివాళ్ల పుస్తకం బాగా చదివినవాడికే ఆ వీలుంటుంది.

చిత్రమేమిటంటే అంతకు కొద్దిగా ముందే, 1938 డిసెంబరులో తాంబరంలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. క్రైస్తవం తప్ప మిగతావాటిలో దేవుడి పలుకు లేదన్నట్టు డచ్చి పండితుడు క్రేమర్ వాదిస్తే, కాదని నిలబడినది వృద్ధుడైన హాగ్‌గారు. హిందువు ప్రార్థనలోనూ నిజమైన విశ్వాసం ఉంటుంది, దేవుడు దానికి బదులిస్తాడని ఆయన వాదం. అదే సభ కోసం మన నెల్లూరు క్రైస్తవుడు, లాయరుగా, జడ్జిగా చేసిన పాండిపెద్ది చెంచయ్యగారు కూడా మిత్రులతో కలిసి క్రేమర్‌కు జవాబుగా పుస్తకం తెచ్చారు. శిష్యుడు ఆక్స్‌ఫర్డ్‌లో, గురువు తాంబరంలో, ఇద్దరూ ఒకరి ఇంటి గోడను ఇంకొకరు కాపాడుతున్నట్టుంది కదూ.

ఇంత చదివి నేను మెత్తబడి మా అమ్మాయికి చెబితే, అది ఇంకో మెలిక పెట్టింది. రాధాకృష్ణన్ గారు అన్ని మతాలూ శిఖరం దగ్గర కలుస్తాయంటారు, సరే. మరి శిఖరం దాకా ఎక్కనివ్వని వాళ్ల సంగతి? ఒంగోలు దగ్గర వెలంపల్లిలో 1878 జులై 3న, కరువు ఏడాది, క్లౌ దొరగారి మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చాలావరకు మాదిగలు. వాళ్లకు జగత్తు మిథ్యా కాదా అన్నది ప్రశ్న కాదు, ఊరి బావి దగ్గర నిలబడనిస్తారా లేదా అన్నది ప్రశ్న. 1926 ఉపన్యాసాల్లో కులవ్యవస్థను ఆయన సమర్థించిన తీరు ఇప్పుడు చదివితే మింగుడుపడదు. అంటరానితనాన్ని ఆయన ఖండించారు, నిజమే. కానీ ఆయన చెప్పిన ఆ సామరస్యంలో బావి ఎక్కడుందో నాకు దొరకలేదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ బస్తీలో ప్రార్థనకు వెళుతుంది. ఆమె బైబిలు చదివేటప్పుడు ఏం చదువుతోందో తెలుసుకోవాలనే ఈ చదువంటోంది మా అమ్మాయి. పదేళ్లుగా ఆవిడ చేతి కాఫీ తాగుతున్నాను. నేనెప్పుడూ అడగలేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట ఒక భక్తి చిత్రానికి మరియమ్మ పాత్రకు నేనే గొంతిచ్చాను. సిలువ కింద తల్లి ఏడ్చే సీను. నాలుగో టేకులో నిజంగానే ఏడుపు ఆగలేదు. అప్పుడు మా ఇంట్లో ఎవరూ నేను మతం మారానని భయపడలేదు. చెక్కు వచ్చింది కదా మరి.

మిగతా కథ మీకు తెలిసిందే. 1952లో ఉపరాష్ట్రపతి, 1954లో భారతరత్న, 1962 నుంచి 1967 దాకా రాష్ట్రపతి. దిగిపోయాక మద్రాసు మైలాపూరులో సొంత ఇంటికి చేరారు. ఆ ఇంటి ముందు నుంచి స్టూడియోకి ఎన్నిసార్లు వెళ్లానో. రోడ్డుకు ఆయన పేరే పెట్టారు, బస్సులో కండక్టరు అరిచే స్టాపు పేరుగానే నాకు తెలుసు.

1975లో, పోవడానికి కొద్ది నెలల ముందు, ఆయనకు టెంపుల్టన్ బహుమతి వచ్చింది. మతరంగంలో కృషికి ఇచ్చేది. అంతకు ముందు రెండేళ్లూ మదర్ థెరిసాకు, బ్రదర్ రోజర్‌కు ఇచ్చారు. క్రైస్తవులు కానివాళ్లలో అది అందుకున్న మొదటివారు ఈయనే. పెద్ద మొత్తం. అంతా ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. పుస్తకాలు కొనలేక చుట్టాలబ్బాయి పాతవి తీసుకున్న మనిషి! ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు.

మన హైదరాబాదులోనే, గాంధీనగర్‌లో ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ ఉంది. 1964లో రాజమండ్రిలో పెట్టి, 1973లో ఇక్కడికి తెచ్చారట. మొన్న మా అమ్మాయితో వెళ్లి గేటు దాకా చూసొచ్చాను. ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని వస్తున్నారు, ఎక్కడైనా ఉన్నట్టే. మా ఫ్రిజ్ మీద పాల లెక్క పక్కన గ్రీకు అక్షరాల కాగితం అంటించి ఉంది. ఎం.ఏ. అప్లికేషన్ టీవీ కింద ఉంది. నేను సంతకం పెట్టాను. మావారు ఇంకా పెట్టలేదు. హాగ్‌గారి సంగతి చదివి చెబుతానన్నారు, షూటింగ్ నుంచి వచ్చాక.